స్టేజి పటములు గీయుటకు సాఫ్ట్‌వేరు నెంచుకొనుట

(క్యాసంబళ్ళిలో సంఘసభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన కార్యవర్గము మాకొక పని యప్పగించినది. మన కుటుంబముల పిల్లలు నలుగురు, సంఘపు గదిలోని కంప్యూటరులో స్టేజి పటములు గీయుటకై ఒక సాఫ్ట్‌వేరును సంఘనిధినుండి తీసియిమ్మని వ్రాతమూలకముగా కోరియున్నారు. ఏది తీసుకొనవలయును, ఎంత వెచ్చింపవలయును, అసలు వెచ్చింపవలయునా యని విచారించి చెప్పుట మా వంతు. మేము ఇనుప సామాను, కలప వ్యాపారము చేయువారము. చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. కంప్యూటరు విద్యలో మాకు పట్టములేవియు లేవు. కాని ఒక వస్తువును కొనుటకు ముందు దానినిగూర్చి ఏమేమి యడుగవలయునో ఇరువదియేండ్లు అంగడిలో కూర్చుండి నేర్చుకొంటిమి. మూడు ఆదివారములు ఆ పిల్లల ప్రక్కన కూర్చుండి, వారు చూపినవన్నియు చూచి, ఈ మాటలు చెప్పుచున్నాము.

స్టేజి యనగా ఇచ్చట నాటకరంగము కాదు. ఇద్దఱు ముగ్గురు పెద్దలు మమ్ము అట్లే యడిగిరి గనుక ముందుగా చెప్పుచున్నాము. తుపాకి పోటీ యనగానే మనకు 2008లో బీజింగులో అభినవ్ బింద్రా గెలిచిన స్వర్ణపతకము, 2012లో లండనులో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ గెలిచిన కాంస్యపతకము జ్ఞప్తికి వచ్చును. వారిరువురి పోటీలో గుఱికాడు కదలడు, గుఱియు కదలదు. పది మీటర్లు ఏ దేశమందైనను పది మీటర్లే. గీయవలసిన పట మందులో లేదు. ప్రాక్టికల్ షూటింగు అనునది వేఱు ఆట. అందులో గుఱికాడు పిస్తోలుతో నడచుచు, పరుగెత్తుచు, తడికల చాటునుండియు కిటికీలగుండను అట్టగుఱులను, ఇనుప పలకలను కొట్టవలయును. ఆ తడికలు, గుఱులు, పీపాలు, హద్దులు అన్నియు కలిపి ఒక స్టేజి. స్టేజిలు సామాన్యముగా పోటీ పోటీకి మాఱుచుండును. కావున ఎవడో యొకడు కూర్చుండి దానిని గీయవలయును. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను స్థిరపడిన మన బంధువుల పిల్లలు కొందఱు అచ్చటి క్లబ్బులలో చేరి ఈ ఆట ఆడుచున్నారు. డ్రాయింగు నేర్చిన మన పిల్లలు వారి కొఱకు ఇచ్చటినుండి స్టేజిలు గీసి పంపుచున్నారు. ఇప్పటికి ఆఱు పోయినవి. గీయువారు ఆ నేలను కంట చూచినవారు కారు. గీసిన పటమును నమ్మి అచ్చట నిజమైన గుండ్లు పేల్చుదురు. ఈ యొక్క సంగతి వలననే ఇది నాలుగు వందల రూపాయల బేరమువంటిది కాదని మాకు తోచినది.

ఆట నియమములు కొంత తెలియక సాఫ్ట్‌వేరును గూర్చి మాటలాడుట వ్యర్థము. ఈ ఆటకు అంతర్జాతీయ సంస్థ 1976లో అమెరికాలోని మిస్సూరి రాష్ట్రమున కొలంబియా పట్టణమున ఏర్పడినది. జెఫ్ కూపర్ అనునతడు దాని మొదటి అధ్యక్షుడు. గుఱి, బలము, వేగము అను మూడును సమముగా నుండవలయునని వారి సూత్రము. అట్టగుఱిపై మూడు వలయములవంటి భాగములు కలవు. నడిమి భాగమునకు 5 మార్కులు. తక్కువ బలముగల తూటాతో కొట్టినవానికి రెండవ భాగమున 3, అంచున 1. బలమైన తూటా వాడినవానికి అవి 4, 2 అగును. గుఱి తప్పిన 10 పోవును. కొట్టరాని తెల్లగుఱికి తగిలినను 10 పోవును. వచ్చిన మొత్తమును పట్టిన సెకన్లతో భాగింతురు. అంగడి లెక్క వచ్చినవారికి ఇది సులభము. పండ్రెండు గుండ్లు నడిమినే కొట్టి 60 మార్కులు తెచ్చుకొని 10 సెకన్లు తీసుకొన్నవానికి 6 వచ్చును. అదే 60 మార్కులు 8 సెకన్లలో తెచ్చినవానికి ఏడున్నర. తక్కువ బలపు తూటాతో ఎనిమిది నడిమిని, నాలుగు ప్రక్కన కొట్టి 52 మార్కులతో ఆఱున్నర సెకన్లలో ముగించినవానికి 8. మూడవవాడే ముందు.

ఇంతవఱకు గుఱికాని పని. గీయువానికి సంబంధించినది వేఱొకటి కలదు. ఈ ఆటలో గుఱికానికి ‘ఇచ్చట నిలుచుండి ఆ గుఱిని కొట్టుము’ అని సామాన్యముగా ఆజ్ఞాపింపరాదు. గీసిన హద్దులలోపల తన యిష్టము వచ్చినట్లు సమస్యను విప్పుకొనుట అతని హక్కు. ఒక గుఱి ఒక్క చోటినుండియే కనబడవలయునన్నచో తడికతో మఱుగు చేయవలసినదే గాని మాటతో కుదరదు. 24 గుండ్ల మధ్యరకపు స్టేజిలోను, 32 గుండ్ల పెద్ద స్టేజిలోను ఒకే చోటినుండి 9 దెబ్బలకు మించి కొట్టవలసిన అవసరము కల్పింపరాదని అంతర్జాతీయ నియమము. అన్ని గుఱులను ఒక్క చోటనుండి కొట్టివేయు వీలు కూడ ఉండరాదు. అమెరికావారి సంస్థ సంఖ్యలు కొంత వేఱుగా నున్నవి. పటము ఎవరికి పంపుచున్నారో వారి నియమపుస్తకమునే ముందు తెఱచి చూడవలయును.

కనుక గీయువానికి కావలసినది కంటిచూపు లెక్క. అయిదడుగుల మనిషికి తడికపై అంచు అడ్డమగును. ఆఱడుగులవానికి అదే తడికమీదుగా మూడు గుఱులు కనబడును. ఎడమచేతివాడు తడిక ఎడమ అంచునుండి సుఖముగా తొంగిచూచును. కుడిచేతివాడు ఒడ్డునకు జరుగవలసివచ్చును. మన పిల్లలు గీసినవానిలో రెండవ స్టేజియందు ఒక పొడగరి పెద్ద తడికకు నాలుగడుగుల వెనుకనే నిలిచి సగము గుఱులు కొట్టివేసెనట. పై చూపున పటము చక్కగానే యుండెను.

ఇంతకంటె ముఖ్యమైనది గుండు పోవు త్రోవ. స్టేజి కొసను మట్టికట్ట యుండును. పిస్తోలు మొన ఎప్పుడును ఆ కట్టవైపే, నేరుగా చూచు దిక్కునుండి ఇరుప్రక్కల 90 డిగ్రీల లోపలనే యుండవలయును. మీఱినవానిని అచ్చటనే పోటీనుండి తొలగింతురు. ఒక గుఱిని పక్కగా పెట్టి, గుఱికాడు దానిని దాటి ముందునకు పోవుటకు త్రోవ విడిచినచో, వెనుదిరిగి కొట్టబోవుట సహజము. అప్పుడు తప్పు గుఱికానిదే యని నియమము చెప్పును గాని, అట్లు ఆశ చూపిన పటము గీసినవాని చేయి కూడ అందున్నది. ఇనుప పలకలకు 7 మీటర్లకంటె దగ్గఱగా ఎవరును పోరాదు. అడుగులలో దాదాపు 23. అందులకు నేలపై హద్దు గీయవలయును.

కోలారు బంగారు గనులలో 2001 ఫిబ్రవరి 28న పని నిలిచిపోయినది. గని పటములు చూచి యెఱిగినవారు మన సభలో ఇంకను కొందఱున్నారు. ఛాంపియన్ రీఫ్ గని మూడువేల మీటర్లకు మించిన లోతునకు పోయినది. అట్టి గనిని పైనుండి చూచినట్లు గీసిన ప్లాను ఒక్కదానితో నడుపుట యెవరివలనను కాదు. నిలువుగా కోసి చూపు సెక్షను కూడ నుండవలయును. స్టేజికిని అంతే. ఒక లెక్క చెప్పుదుము. గుఱికాడు మోకాలిపై కూర్చుండినాడు. పిస్తోలు నేలకు 80 సెంటిమీటర్ల ఎత్తున నున్నది. నాలుగు మీటర్ల దూరమున గుఱి నడిమిభాగము 1 మీటరు 60 సెంటిమీటర్ల ఎత్తున నున్నది. గుండు నాలుగు మీటర్లకు 80 సెంటిమీటర్లు, అనగా మీటరునకు 20 సెంటిమీటర్ల చొప్పున పైకి పోవును. మట్టికట్ట అతనికి 16 మీటర్ల దూరమున నున్నచో, అచ్చటికి చేరునప్పటికి గుండు నేలకు 4 మీటర్ల ఎత్తున నుండును. కట్ట ఎత్తు 3 మీటర్లే. గుండు కట్టను దాటి యెచ్చటికి పోవునో చెప్పుట కెవరికి సాధ్యము? గుఱిని, కట్టను కదపక, గుఱికానిని మాత్రము ఆఱు మీటర్లు వెనుకకు జరిపితిమా, వాలు మీటరునకు 8 సెంటిమీటర్లకు తగ్గును. 22 మీటర్ల దూరమున గుండు 2 మీటర్ల 56 సెంటిమీటర్ల ఎత్తున కట్టలో దిగును. పై చూపు ప్లానులో ఈ రెండు స్టేజిలును ఒక్కరీతిగనే నిర్దోషముగా కనబడును. పక్కచూపు చూపలేని సాఫ్ట్‌వేరు ఎంత రంగులతో మెఱసినను ఈ పనికి పనికిరాదని మా యభిప్రాయము.

ఇక సరుకు చూతము. ఈ ఆటవారిలో తఱుచుగా వాడబడునది స్కెచ్‌అప్. అందులో నేలను, తడికను సరియైన కొలతతో గీసి, మనిషి కంటియెత్తును నిర్ణయించి, ఆ కంటితో స్టేజిలోపల నడచి చూడవచ్చును. అయిదడుగుల కంటినొకసారి, ఆఱడుగుల కంటినొకసారి పెట్టి చూచితిమి. పైన చెప్పిన రెండవ స్టేజి లోపము రెండు నిమిషములలో బయటపడినది. పక్కనుండి చూచుటయు సులభము. గుఱుల, తడికల నమూనాలు ఇతరులు గీసి ఉంచినవి దొరకును. దాని గుణములను మేము కాదనము.

కాని దాని చరిత్రను కూడ చూడవలయును. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున ఒక చిన్న సంస్థ దానిని 2000లో వెలువరించినది. 2006లో గూగుల్ కొన్నది. 2012లో ట్రింబుల్ అను సంస్థ చేతికి పోయినది. కంప్యూటరులో దింపుకొని వాడు ఉచితరకము 2017తో నిలిచినది. నేడు ఉచితముగా దొరకునది ఇంటర్నెట్టు ద్వారా మాత్రమే నడచును. ఒక్కసారి సొమ్ము చెల్లించి శాశ్వతముగా ఉంచుకొను పద్ధతిని 2020లో మానివేసి, ఏటేట చందా పద్ధతియే ఉంచిరి. ఇది వారి వ్యాపారము. దానిని నిందించుటకు మేమెవరము? అయినను కొనువాడు తెలిసికొనవలసినది కలదు. కాటాను కొనుట వేఱు, కాటాను అద్దెకు తెచ్చుట వేఱు. అద్దె నిలిచిన యేడు కాటా పోవును. మన సంఘనిధి పెండ్లిండ్లలో, పండుగలలో ఇండ్లవారు వేయు చందాతో నిండునది. ఏటేట తప్పక చెల్లింపవలసిన బాధ్యతను దానిపై పెట్టుటకు మా మనస్సు ఒప్పుట లేదు. మఱియొక సంగతి: ఆ ఉచితరకము సొంత వాడుకకే గాని కూలి తీసుకొని చేయు పనికి కాదు. మన పిల్లలు నేడు ఉచితముగా గీయుచున్నారు. రేపు క్లబ్బువారు పటమునకు ఇంతయని సొమ్ము పంపిననాడు ఆ షరతు అడ్డు వచ్చును. ‘ఎవరు చూతురు లెండి’ అని ఒక కుఱ్ఱవాడు మాతో ననెను. మన పేరు మీద పోవు పటము అట్టి దారిన పోరాదని అతనికి చెప్పితిమి.

చందాయన జ్ఞప్తికి వచ్చినది. బ్లెండర్ అను చిత్రణ సాఫ్ట్‌వేరొకటి కలదు. దానిని నడుపు సంస్థ మూతపడగా, 2002లో దాని కర్త లోకమునుండి చందాలు పోగుచేసి, లక్ష యూరోలు చెల్లించి, దానిని అందఱి యాస్తి చేసెను. ఆ సొమ్ము ఏడు వారములలో వచ్చెనట. చందాల పుస్తకము పట్టుకొని వీథులు తిరిగిన మనకు అది యెంత పనియో తెలియును. అయినను బ్లెండర్ సినిమాలవారికి సరిపోవు పెద్ద యంత్రము. తడికలు నిలుపుటకు దానిని నేర్చుకొనుట, బావిలో చేద వేయుటకు క్రేను తెచ్చినట్లుండును.

స్వీట్ హోమ్ త్రీడీ అను మఱియొకటి ఇంటి గదులలో సామానులు సర్దుకొనుటకై చేసినది. ఉచితము, ఇంటర్నెట్టు లేకయు నడచును, కూలిపనికిని అడ్డు లేదు. ఒకవైపు ప్లాను గీయుచుండగా మఱియొకవైపు గోడలు లేచి కనబడును. మనిషి కంటియెత్తు నిర్ణయించి లోపల తిరుగవచ్చును. పిల్లలలో అందఱికంటె చిన్నది ఒక్క సాయంకాలములో నేర్చుకొన్నది. లోపమేమనగా, అది ఇంటికొఱకు పుట్టినది గాన మట్టికట్టను, గుండు వాలును అందులో చూపుట కష్టము. ఆ సెక్షనును గళ్ళ కాగితముపై చేతితో గీసికొనవలయును. ఫ్రీక్యాడ్ అనునది కొలత విషయమున గట్టిది, ఉచితము, యంత్రభాగములు గీయువారిది. నేర్చుటకు నెలలు పట్టును. డిప్లొమా చదివిన మన కుఱ్ఱవానికి అది నచ్చినది, మిగిలినవారికి నచ్చలేదు.

ప్రాక్టిసిమ్ డిజైనర్ అనునది ఈ యాట కొఱకే చేయబడినది. ఆటగుఱులు, తడికలు, పీపాలు సిద్ధముగా నుండును. పెట్టుకొని, వానినడుమ నడచి చూచుటయే. సొంతముగా కట్టుకొను శ్రమ తప్పును. అది సరుకులోకెల్ల సూటియైనది. అయితే అందు గీసిన దానిని అవతలివారు తెఱచుకొనగలరా యని ముందు అడుగవలయును. ప్రాక్టిస్కోర్ అను పేరును విని కొందఱు రెండును ఒకటే యనుకొనుచున్నారు. అది మార్కులు లెక్కించునది, గీయుటకు పనికిరాదు.

మా అంగడి బుద్ధితో ఇంకొక మాట. ఎంత చక్కని స్టేజియైనను కట్టుటకు సరుకు కావలయును. మన పిల్లలు గీసిన నాలుగవ స్టేజికి నలువది తడికలు పట్టినవి. ఆ క్లబ్బు షెడ్డులో నున్నవి పదునెనిమిది. వారు సగము తీసివేసి కట్టిరి. తీసివేసిన తడికలతో మఱుగులును పోయినవి. గీయుటకు ముందే ‘మీ వద్ద తడికలెన్ని, ఎత్తెంత, గుఱికొయ్యలెన్ని, పీపాలెన్ని’ అని జాబు వ్రాసి తెలిసికొని, ఆ పట్టీ లోపలనే గీయవలయును. కట్ట ఎత్తు, వెడల్పు, స్థలము పొడవు టేపుతో కొలిచి పంపుమని కూడ అడుగవలయును. ఫొటోను నమ్మరాదు. ఆస్ట్రేలియావారు మీటర్లలో, అమెరికావారు అడుగులలో పంపుదురు. సాఫ్ట్‌వేరు రెంటిని మార్చుకొనగలదో లేదో చూచుకొనవలయును.

తెలుగును గూర్చి కూడ చెప్పవలయును. పటము ఇంగ్లీషులో పోవును సరే. కాని ఏ తడిక ఏల పెట్టితిమి, ఏ గుఱి ఏ చోటినుండి ప్రమాదము అను వివరములను పిల్లలు తెలుగులో వ్రాసి మన గదిలో నుంచవలయునని మా కోరిక. తరువాత నేర్చుకొను పిల్లలకు అవి పాఠములగును. చిత్రణ సాఫ్ట్‌వేర్లు కొన్ని తెలుగు వ్రాసినచో వత్తులను విడగొట్టి పారవేయును. పరీక్షకు మన యూరిపేరే చాలును. ‘క్యాసంబళ్ళి’ అని కొట్టి చూచితిమి. ఒకదానిలో యవత్తు ఒకచోట, ళవత్తు మఱియొకచోట పడి, ఊరిపేరు పొలిమేర దాటినది. అట్టిదానిలో వివరములు వ్రాయక, వేఱుగా వ్రాసి పటముతో జతపఱచవలయును.

‘పిల్లల చేతికి తుపాకి ఇచ్చుచున్నారా’ అని మన తల్లులు కొందఱడిగిరి. ఇచ్చుట లేదు. తుపాకి ఉంచుకొనుటకు 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము, 2016వ సంవత్సరపు నియమములు కలవు. లైసెన్సు వాని ప్రకారము ప్రభుత్వమివ్వవలసినది. పటము గీయుటకు లైసెన్సు లేదు. మన గదిలో ఉండునది కంప్యూటరు, గళ్ళకాగితము, టేపు. తుపాకి గుఱి అను మాట గనుల ప్రాంతమునకు క్రొత్తదియు కాదు. ఆంగ్లేయుల కాలమున కోలారు గోల్డ్ ఫీల్డ్స్ బెటాలియను అను సహాయకదళమొకటి ఇచ్చట నుండెను. స్వాతంత్ర్యముతో అట్టి దళములు ముగిసినవి.

మా సిఫారసు ఇది. ఈ యేడు ఏటి చందా సాఫ్ట్‌వేరేదియు సంఘనిధినుండి వద్దు. స్వీట్ హోమ్ త్రీడీతో ప్లాను, కంటిచూపు. గళ్ళకాగితముపై ప్రతి గుఱికి సెక్షను. ఈ పద్ధతిన మూడు నెలలు గీయవలయును. ఆ లోపల ఆస్ట్రేలియా, అమెరికా క్లబ్బులవారిని ‘మీరే సాఫ్ట్‌వేరు తెఱచుకొందురు’ అని అడిగి జాబు తెప్పించుకొనవలయును. వారు ప్రాక్టిసిమ్ అన్నచో దానిని ఒక్కటి కొనుటకు మా అభ్యంతరము లేదు. కరెంటు పోయినప్పుడు గీసినది పోకుండ కంప్యూటరునకు బ్యాటరీ యొకటి, ముప్పది మీటర్ల టేపు ఒకటి, ఈ రెండును వెంటనే కొనవలయును. సెక్షను లేని పటము మన గదినుండి బయటికి పోరాదు. సెక్షనుపై గీసినవారు కాక మఱియొకరు లెక్క చూచి సంతకము చేయవలయును. అచ్చటి రేంజి ఆఫీసరు మరల నేలపై చూచుకొనును, అది అతని పని. మన లెక్క అతని లెక్కకు బదులు కాదు, అతని లెక్కను చూచి మనది మానుటయు కాదు.

వచ్చు ఆదివారము ఉదయము చెఱువు కట్టక్రింది మైదానమున, పిల్లలు గీసిన అయిదవ స్టేజిని కొలత ప్రకారము నిలిపి చూతము. తుపాకులు లేవు, అట్టముక్కలే గుఱులు, వెదురుగడలకు కట్టిన చీరలే తడికలు. పొడుగువారు, పొట్టివారు, ఎడమచేతివారు వచ్చి నడచి, ఎచ్చటినుండి ఏ గుఱి కనబడినదో చెప్పవలయును. పిల్లలు దానిని కంప్యూటరు చూపినదానితో సరిచూచుకొందురు. వెదురుగడలు, పురికొస మా అంగడినుండి వచ్చును. పాత చీరలు పదునెనిమిది కావలయును; ఇచ్చువారు శనివారము సాయంకాలములోగా సంఘపు గదికి పంపవలయునని కోరుచున్నాము.